ఐసు ఫ్యాక్టరీ గొణుగుడు

కనుమ మలుపులో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ముందు పొద్దుగూకాక ఎవరూ హారన్ కొట్టరు. కొడితే లోపల్నుంచి జవాబొస్తుందని భయం.

నమ్మితే నమ్మండి, లేకపోతే మానేయండి. నేను కళ్లారా చూసింది కాదు, విన్నదే. కానీ నాకు చెప్పిన మనిషి అబద్ధాలాడే రకం కాదు. ఒకవేళ ఆడినా, ఇంత పొడుగు అబద్ధం ఆడే ఓపిక ఆ మనిషికి లేదు.

ఫ్యాక్టరీ గోడలకి నాచు పట్టింది. గేటు తుప్పుపట్టి సగం తెరుచుకుని అలాగే బిగుసుకుపోయింది. కింద అంతా చీకటి షెడ్డు. దాని మీద ఒకే ఒక్క గది. ఆ గదికి రెండు కిటికీలు, ఒకటి ఊరి వైపు, ఇంకోటి కొండ వైపు. రెంటికీ అద్దాలు లేవు.

దీపాలు పెట్టే వేళకి ఆ గదిలోంచి ఒక చప్పుడు వచ్చేది... గ్ర్ర్... గొంతులో ఏదో అడ్డుపడ్డ ముసలాయన మాట మొదలెట్టి ఆపేసినట్టు. కాస్త ఆగి ఇంకోసారి... గ్ర్ర్... అంతే. మళ్లీ మర్నాడు సాయంత్రం దాకా కిక్కురుమనేది కాదు.

సైకిళ్లవాళ్లు అక్కడికి రాగానే ఊపిరి బిగబట్టి తొక్కేవాళ్లు. వ్యాన్లవాళ్లు పాటల సౌండు పెంచేవాళ్లు. మీసాలు మెలేసుకు తిరిగే ఒక పెద్దమనిషి, సరిగ్గా ఆ గేటు ముందు టైరు పంక్చరైతే, బండి అక్కడే వదిలేసి ఊళ్లోకి పరిగెత్తుకొచ్చాడు. పొద్దున పదిమందిని వెంటేసుకుని వెళ్లి తెచ్చుకున్నాడు.

ఆ గదిలో పోయినాయన్ని అందరూ ఐసాయన అనేవాళ్లు. రాత్రి షిఫ్టులో మిషన్లు చూసుకునేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక జీతమూ లేదు, పనీ లేదు... అయినా ఆ గది మాత్రం వదల్లేదు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. వేలు ఇంకా మీట మీదే ఉందని మోసుకొచ్చినవాళ్లు చెప్పారు.

ఊరికి ఇంకేం కావాలి? దెయ్యం తయారైపోయింది.

ఆ దెయ్యాన్ని లెక్కచేయని మనిషి ఊళ్లో ఒక్కత్తే ఉండేది — మందుల షాపు అక్క. అదేదో పెద్ద ధైర్యం అనుకునేరు. పాపం, ఆవిడకి భయపడే తీరిక లేదు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా దగ్గుమందులూ, జ్వరం మాత్రలూ, "ఈ రంగుది కాదక్కా, పోయినసారి గులాబీ రంగుది ఇచ్చావు" అనేవాళ్లతో గొంతు పోయేది. షాపు వెనకాల ఒక చిన్న గది. అందులో ఒక టేబులు, టేబులు మీద పాత కంప్యూటరు, పక్కన రేడియో సెట్టు, రెంటికీ మధ్య అరచేయంత పెట్టె. ఆవిడ సరదా అంతా ఆ టేబులు మీదే.

దాన్ని ప్యాకెట్ రేడియో అంటారు. కంగారు పడకండి, బ్రహ్మవిద్యేం కాదు. మీరు కంప్యూటర్లో ఒక మాట కొడతారు. ఆ పెట్టె ఆ మాటని గ్ర్ర్‌మనే చప్పుడుగా మారుస్తుంది. రేడియో ఆ చప్పుడుని గాల్లోకి వదుల్తుంది. అవతల ఇంకో రేడియో అందుకుంటే, ఇంకో పెట్టె దాన్ని మళ్లీ అక్షరాలు చేసి చూపిస్తుంది. ఫోను అక్కర్లేదు, టవరు అక్కర్లేదు. ఊళ్లో ఆ పిచ్చి ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. లైసెన్సులు తెచ్చుకుని, ఒక్కొక్కరూ ఒక కాల్ సైన్ — అంటే గాల్లో తమ పేరు — పెట్టుకుని, నలుగురూ కలిసినప్పుడు తమది క్లబ్బు అని చెప్పుకునేవాళ్లు. ఐసాయన కూడా ఆ క్లబ్బువాడే. మొదటి పెట్టె తన చేత్తో అతికించి తయారుచేసింది ఆయనే.

ఓహో, చప్పుడు సంగతి తెలిసిపోయింది అనుకుంటున్నారు కదూ? తెలియనివ్వండి. ఇంకా చాలా ఉంది.

అక్కకి ఒక తమ్ముడు. అమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్లు కూడా ఊడలేదు. నీళ్లు పోసింది, జడ... జడ లేదనుకోండి, తల దువ్వింది, బడికి ఈడ్చుకెళ్లింది, అన్నీ ఈవిడే. పెద్దవాడై, ఇన్ని ఉద్యోగాలుండగా ఏరికోరి కొండ మీద వాన కొలిచే కేంద్రంలో చేరాడు. ఒక్కడే మనిషి, ఒక్కటే రేకుల గది. ఫోను సిగ్నలు మచ్చుకైనా లేదు.

"రోజూ దీపాలు పెట్టే వేళకి ఒక్క మాట పంపాలి. పంపకపోయావో, నేనే కొండెక్కి వచ్చి చెవి మెలేస్తా" అని ఒక రేడియో సెట్టు చేతికిచ్చి పంపింది.

వాడూ మాట తప్పలేదు. "బతికే ఉన్నా. వంట మాడింది." "బతికే ఉన్నా. ఎలుక నా సాక్సు ఎత్తుకుపోయింది. ఒక్కటే. రెండోది నేనేం చేసుకోను?" ఇలాంటివి. వాడు ఏం పంపినా అక్క జవాబు ఒకటే — "తిన్నావా?"

ఊరికీ కొండకీ మధ్య ఒక బోడిమెట్ట అడ్డం. రేడియో మాట మెట్ట లోంచి దూరి రాదు. అయినా వాడి మాట రోజూ వచ్చేది. అదెలాగంటే తన చలవే అని లైన్‌మన్ బాబాయి నమ్మకం.

లైన్‌మన్ బాబాయి అంటే రిటైరైన కరెంటు లైన్‌మన్. సొంత బాబాయి కాదు, ఊరందరికీ బాబాయే. అక్క డాబా మీద యాంటెన్నా కట్టింది ఆయన. "నా యాంటెన్నా అమ్మా అది... మెట్టని చీల్చుకుని వింటుంది" అని, వచ్చినవాడికీ పోయినవాడికీ, చివరికి షాపుకి జ్వరంతో వచ్చినవాళ్లకి కూడా చెప్పేవాడు. వాళ్లకి ఇంకో డిగ్రీ జ్వరం పెరిగేది.

ఇలా ఉండగా గాలివాన వచ్చింది.

అలాంటిలాంటి గాలివాన కాదు. రేకులు ఎగిరాయి, చెట్లు వేళ్లతో సహా లేచాయి, రాత్రంతా ఊరు ఊరంతా తలుపులు పట్టుకుని కూర్చుంది. తెల్లారేసరికి తెరిపిచ్చింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అక్క టేబులు ముందు కూర్చుంది.

మాట రాలేదు.

ఇంకాసేపు చూద్దాం అనుకుంది. చూసింది. స్క్రీను మీద గీత ఆరుతూ వెలుగుతూ ఉంది తప్ప ఒక్క అక్షరం పడలేదు. మర్నాడు సాయంత్రమూ అంతే. బాబాయి డాబా ఎక్కి దిగొచ్చి, "నా యాంటెన్నా నిక్షేపంలా ఉందమ్మా" అన్నాడు, తప్పు తనది కానందుకు సంతోషిస్తూనే సిగ్గుపడుతూ.

అక్క వానలెక్కల ఆఫీసుకి ఫోను చేసింది.

"సెట్టు పాడై ఉంటుందమ్మా" అన్నాడు ఆఫీసరు. "రోడ్డు కొట్టుకుపోయింది, జీపు పోదు. మనిషికి ప్రమాదం అని కబురుంటే కాలిబాటన జనాన్ని పంపిస్తాం. కబురు లేకుండా ఎలా పంపేది?"

"కబురు రాకపోవడమే కబురు కదండీ?"

"అలా రాసుకోడానికి నా దగ్గర కాలమ్ లేదమ్మా."

ఫోను పెట్టేసి, కౌంటరు మీద తల పెట్టుకుంది. వాడొక్కడే ఆవిడకున్నది. వాడికేమైనా అయిందేమోనన్న ఆలోచన గుమ్మం దాకా వస్తుంటే, లోపలికి రానివ్వకుండా కూర్చుంది.

అప్పుడే పాల వ్యాను డ్రైవరు వచ్చాడు, తలనొప్పి మాత్రలకి. వాగుడుకాయ. మాత్రలు చేతిలో పడేలోపు ఊళ్లో సంగతులన్నీ చెప్పేస్తాడు.

"అక్కా, విన్నావా? దెయ్యం కూడా గాలివానకి హడలిపోయినట్టుంది. ఆ రాత్రి నుంచి ఐసు ఫ్యాక్టరీలో నోరు మెదపట్లేదు."

అక్క చేతిలో మాత్రల అట్ట అలాగే ఆగిపోయింది.

"మామూలుగా ఏ వేళకి గొణుగుతుంది అది?"

"దీపాలు పెట్టే వేళకి. ఒకసారి గ్ర్ర్‌మంటుంది. కాస్త ఆగి ఇంకోసారి..."

ఒకసారి. కాస్త ఆగి ఇంకోసారి... తమ్ముడి మాట ఒకటి. "తిన్నావా" ఒకటి. అక్క డ్రైవర్ని అక్కడే నిలబెట్టి వెనక గదిలోకి పరిగెత్తింది.

ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి. గాల్లో ఒక మాట దూరం పోలేకపోతే, మధ్యలో ఉన్న స్టేషను దాన్ని విని, మళ్లీ తన గొంతుతో చెబుతుంది. దాన్ని రిపీటరు అంటారు. అలా చెప్పినందుకు గుర్తుగా ఆ మాట పక్కన తన కాల్ సైన్, దాని పక్కన ఒక చిన్న నక్షత్రం పెడుతుంది. నేను విన్నాను, విన్నది విన్నట్టు చెప్పాను అని సంతకమన్నమాట. కానీ ఆ సంతకం అక్క స్క్రీను మీద కనబడేది కాదు. "ఎవరు పంపారు, ఏం పంపారు, అంతే కదమ్మా కావాల్సింది? మిగతాదంతా చూపుకి అడ్డం" అని బాబాయే ఎప్పుడో దాన్ని దాచేశాడు. క్లబ్బులో అందరూ అలాగే దాచేసుకున్నారు.

అక్క ఆ దాచింది బయటికి తీసింది. పాత మాటలన్నీ వరసగా తెరిచింది.

తమ్ముడి పేరు. తన పేరు. మధ్యలో మూడో పేరు... పక్కన నక్షత్రం.

మాడిన వంటకీ నక్షత్రం. ఎలుక ఎత్తుకుపోయిన సాక్సుకీ నక్షత్రం. ఒక్కటి తప్పకుండా అన్నిటికీ. ఆ మూడో పేరు ఐసాయనది.

క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పోతే, మిగతావాళ్లలో ఒకరు వెళ్లి వాళ్ల సెట్టు చేత్తో ఆపి రావాలి. ఆ తర్వాత ఆ పేరు గాల్లో వినబడకూడదు. ఐసాయన పోయినప్పుడు ఆ పని బాబాయికి పడింది.

"బాబాయ్... ఐసాయన సెట్టు ఆపేసొచ్చావు కదూ?"

బాబాయి పైకప్పు వంక చూశాడు. "వెళ్లొచ్చాను... అంటే... గేటు దాకా వెళ్లొచ్చాను."

"గేటు దాకానా?"

"చీకటిపడిందమ్మా! పైన గ్ర్ర్‌మంది. నాకూ పెళ్లాం బిడ్డలున్నారు!"

అక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ మెట్టని చీల్చుకుని విన్నది ఈయన యాంటెన్నా కాదు. కనుమ మలుపులో ఆపకుండా వదిలేసిన సెట్టు, కొండకీ ఊరికీ మధ్య నిలబడి, తమ్ముడి మాటలు మోస్తోంది.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు" అంది. "సోలార్ ప్యానెల్ మీద నడుస్తుంటుంది. గాలివానకి ఏదో పోయి ఉంటుంది. మనం వెళ్లి బాగుచేస్తే వాడి మాట వస్తుంది. పద."

"ఇప్పుడా? పొద్దున్నే లేచి హాయిగా..."

"వాడు మాట్లాడేది ఈ వేళకే బాబాయ్. పద!"

స్కూటరు మీద వాళ్లు కనుమ మలుపు చేరేసరికి వెలుగు సన్నబడింది. అక్క భుజాన సంచిలో ల్యాప్‌టాప్, పెట్టె లోపలే ఇమిడిన చిన్న రేడియో, కొత్త బ్యాటరీ. బాబాయి చేతిలో టార్చిలైటు. గేటు సందులోంచి దూరారు.

షెడ్డు లోపల ఐసు తొట్లు వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అన్నీ ఖాళీ. ఎప్పుడో ఆగిపోయిన మిషన్ల ఘాటు వాసన ఇంకా గోడల్లో ఉంది. బయట చెమట పోసే ఉక్క... లోపల అడుగుపెట్టగానే మెడ వెనక చల్లగా తగిలింది.

"ఐసు ఫ్యాక్టరీ కదమ్మా... చల్లగానే ఉంటుంది" అని గొణిగాడు బాబాయి, తనకి తనే ధైర్యం చెప్పుకుంటూ.

"మూతపడి ఎన్నేళ్లయింది బాబాయ్..."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆవిడకీ అనిపించింది. ఇనుప మెట్లెక్కి పైకెళ్లారు.

గదిలో కుర్చీ. గోడ మేకుకి హెడ్‌ఫోన్లు. కొండవైపు కిటికీ గట్టు మీద ఐసాయన చేసిన పెట్టె, రేడియో కూడా అందులోనే. అంతా దుమ్ము. ఆ దుమ్ములో మనిషి అడుగు ఒక్కటీ లేదు.

అక్క టార్చి తీసుకుని ముందు ప్యానెల్ కోసం చూసింది. కిటికీ అవతల ఖాళీ చట్రం ఒకటి వేలాడుతోంది. ప్యానెల్ ఎవరో ఊడదీసుకుపోయారు. చట్రంలో పిట్టగూడు... అది కూడా పాతదై ఎండిపోయింది. కిందకి చూసింది. బ్యాటరీ ఉబ్బి, పగిలి, తెల్లగా పూతపూసి ఉంది. వైరు పట్టుకుంటే పొడిపొడిగా రాలింది.

పెట్టె మూత తీసింది. లోపల అన్నిటికీ పచ్చగా చిలుము. మూల బల్లిగుడ్ల పెంకులు.

"గాలివానకి పోయింది కాదు ఇది" అంది మెల్లగా.

"మరి?"

"ఎన్నో ఏళ్ల కిందటే పోయింది."

మాట నోట్లోంచి వచ్చాక ఇద్దరికీ దాని అర్థం తెలిసింది. గాలివాన ముందురోజు మాట మీద కూడా నక్షత్రం ఉంది.

"నేను పోతానమ్మా..." అన్నాడు బాబాయి. "నువ్వు కూడా వచ్చేయ్. నీకు దణ్ణం పెడతా."

"ఇది పట్టుకో ముందు." పెట్టె ఆయన చేతుల్లో పెట్టి, అక్క సంచి విప్పింది. కిటికీలోంచి కొండ సూటిగా కనబడుతోంది. అడ్డం ఏమీ లేదు. తన రేడియో ఇక్కడ పెడితే వాడి మాట నేరుగా వినబడాలి. ల్యాప్‌టాప్ తెరిచింది, రేడియో తగిలించింది, యాంటెన్నా కిటికీ బయటికి చాచింది.

ఖాళీ స్క్రీను.

దీపాలు పెట్టే వేళ వచ్చింది. దాటింది. కొండ నల్లబడి ఆకాశంలో కలిసిపోయింది.

అప్పుడు తట్టింది ఆవిడకి... అప్పటిదాకా తట్టనిది.

రిపీటరుకి సొంత మాట ఉండదు. వింటేనే చెబుతుంది. ఐసాయన బతికున్నప్పుడు కూడా అంతే — "చెవిన పడ్డది నా దగ్గర ఉంచుకోను, పంపేస్తాను" అనేవాడు. ఈ చప్పుడు ఆగిపోయిందంటే చెప్పేవాడు పాడైపోయాడని కాదు. వినడానికి ఏమీ లేదని. అవతల... తమ్ముడు మాట్లాడటం లేదని.

ఇంతసేపూ ఏదో సెట్టు చెడిపోయిందని, బాగుచేస్తే సరిపోతుందని పరిగెత్తుకొచ్చింది. బాగుచేయడానికి ఇక్కడ ఏమీ లేదు. వెనక ఏముందో చూసుకోకుండా కూర్చుండిపోయింది — ఐసాయన కుర్చీలో.

"నా తండ్రే... నా చిట్టి తండ్రే... ఎందుకు పంపానురా నిన్ను" అని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

బాబాయి పెట్టె గుండెలకి అదుముకుని నిలబడ్డాడు. గదిలో గాలి లేదు. ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

గ్ర్ర్...

అక్క తల ఎత్తింది. చప్పుడు కిటికీలోంచి రాలేదు. తన రేడియోలోంచీ రాలేదు.

"అ... అమ్మాయ్..." బాబాయి కళ్లు బయటికొచ్చాయి. చప్పుడు ఆయన గుండెల మీంచి వచ్చింది. చేతుల్లో ఉన్న పెట్టెలోంచి.

ఆయన పెట్టెని విసిరేయడానికి చేతులు ఎత్తాడు. అదే క్షణం స్క్రీను మీద అక్షరాలు పడ్డాయి.

"అక్కా. యాంటెన్నా గొట్టం మీద పడి కాలు విరిగింది. నిన్నటిదాకా బయటే పడున్నా. ఇవాళ పాక్కుంటూ లోపలికొచ్చా. నీళ్లు లేవు. వింటున్నావా."

తమ్ముడి పేరు. ఆవిడ పేరు. మధ్యలో ఐసాయన పేరు... పక్కన నక్షత్రం.

"పడేశావంటే చంపేస్తా!" అక్క కేకకి గది దద్దరిల్లింది. "కదలకు బాబాయ్! అలాగే పట్టుకో!"

"ఇందులో... బ్యాటరీ లేదమ్మా..."

"తెలుసు!"

"వైరు కూడా..."

"తెలుసు బాబాయ్! నీ కాళ్లు పట్టుకుంటా, దించకు. కిటికీ దగ్గరికి రా... మెల్లగా..."

ఆవిడ రేడియోకి వాడి మాట నేరుగా ఒక్క ముక్క అందలేదు. విరిగిన యాంటెన్నా బదులు ఏ తీగ ముక్కో తగిలించి, అడుగంటిన బ్యాటరీతో పంపుతున్నాడు వాడు. అంత నీరసమైన మాట ఎవరికీ వినబడదు. వినబడింది ఒక్క ఆ పెట్టెకే.

అక్క గబగబా కొట్టింది — "వింటున్నా. మనుషులొస్తున్నారు. నిద్రపోకు."

పెట్టె గ్ర్ర్‌మంది. బాబాయి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కాస్త ఆగి, మళ్లీ గ్ర్ర్...

"సరే. తిన్నావా అని అడగవేం."

అక్కకి ఏడుపులోనే నవ్వొచ్చింది. చచ్చిపోతూ కూడా వెటకారం మానడు వెధవ.

ఫోను సిగ్నలు అందేది కింద రోడ్డు మీదే. ఆవిడ వెళ్లాలి. మనుషుల్ని కాలిబాట మొదలు దాకా తీసుకెళ్లాలి. ఇక్కడ ఎవరో ఒకరు ఉండాలి.

"నన్నొదిలేసి వెళ్తావా... దీనితో?" బాబాయి గొంతు చంటిపిల్లాడి గొంతైంది.

అక్క ఆయన ముందు నిలబడింది. "ఆ రోజు గేటు దగ్గర్నుంచి వచ్చేశావు. ఇవాళ రావద్దు బాబాయ్. వాడు నిద్రపోకూడదు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. నీకు మాటలు తక్కువా?"

బాబాయి పెట్టె వంక చూశాడు. తర్వాత కుర్చీ వంక చూశాడు. మెల్లగా వెళ్లి ఆ కుర్చీలోనే కూర్చుని, పెట్టెని ఒడిలో ఒక చేత్తో పొదివి పట్టుకుని, రెండో చేతి వేలు అక్షరాల మీద పెట్టాడు.

"వెళ్లు" అన్నాడు. "తొందరగా రా. చాలా తొందరగా రా."

కింద గేటు దగ్గర అక్క ఆఫీసరుకి ఫోను చేసింది. "కబురొచ్చింది. కాలు విరిగింది, నీళ్లు లేవు. ఏ కాలమ్‌లో రాసుకుంటారో రాసుకుని మనుషుల్ని పంపండి!" ఆఫీసరు ఈసారి వెంటనే ఫైర్ స్టేషనుకి కబురు పెట్టాడు. ఫైర్ స్టేషను కుర్రాళ్లు స్ట్రెచర్ భుజాన వేసుకుని, అక్క దారి చూపిస్తే, టార్చిలైట్లు పట్టుకుని కాలిబాట ఎక్కారు.

ఆ రాత్రంతా ఐసు ఫ్యాక్టరీ గొణుగుతూనే ఉంది. దాని ముందు నుంచి పోయిన లారీవాళ్లు ఇప్పటికీ చెబుతారు — ఆగకుండా గొణిగిందట, ఎవరితోనో వాదులాడుతున్నట్టు. బాబాయి ఏం మాట్లాడాడో వాళ్లకేం తెలుసు? తను ఎక్కిన స్తంభాలు, తనకి కొట్టిన షాకులు, పెళ్లిచూపుల్లో ఫ్యూజు పోతే వేసి పిల్లని ఒప్పించిన వైనం... ఒంటివేలితో ఒక్కొక్క అక్షరం కొడుతూ, చివరికి నిజం కూడా చెప్పేశాడు: "నా యాంటెన్నా మెట్టని చీల్చలేదురా. నేను ఒట్టి కోతలరాయుణ్ణి." కొండ మీంచి జవాబొచ్చింది — "తెలుసు బాబాయ్."

తెల్లవారుతుండగా చివరి మాట పడింది. "వచ్చారు."

పక్కన నక్షత్రం. ఆ తర్వాత పెట్టె మూగబోయింది.

అక్క తిరిగొచ్చి చూసేసరికి బాబాయి అదే కుర్చీలో, అదే పట్టులో ఉన్నాడు. పెట్టె తీసి గట్టు మీద పెట్టింది. ఆయన వేళ్లు కొంకర్లు పోయి తెరుచుకోవట్లేదు. చొక్కా ముందు భాగమంతా తడిసి ముద్దయింది.

"చల్లగా ఉందమ్మా" అన్నాడు. "రాత్రంతా... ఐసు దిమ్మని ఒళ్లో పెట్టుకున్నట్టే ఉంది. అయినా దించలేదు."

అక్క ఆయన చేతులు తన చేతుల్లోకి తీసుకుని వేడి పుట్టేదాకా రుద్దింది.

ఆస్పత్రిలో కాలికి కట్టుతో పడుకుని తమ్ముడు అడిగాడు. "అక్కా, మధ్యలో ఒకాయన పేరు ఉంటుంది కదా. నేను కొండెక్కినప్పటి నుంచీ నా మాటలన్నీ మోస్తున్నాడు. ఎవరాయన? ఒకసారి కలవాలి."

మంచం పక్కన కూర్చున్న బాబాయి గబగబా కిటికీలోంచి బయటికి చూడటం మొదలెట్టాడు.

"ఊళ్లో ఉండడు" అంది అక్క.

"పోనీ, థాంక్స్ చెప్పు."

"చెప్తాలే. నువ్వు తిన్నావా?"

కాలు అతుక్కున్నాక, అక్క ఎంత మొత్తుకున్నా వినకుండా వాడు మళ్లీ కొండెక్కాడు. ఈలోపు క్లబ్బువాళ్లు చందాలేసుకుని ఐసు ఫ్యాక్టరీ గదిలో కొత్త రిపీటరు పెట్టారు. కొత్త ప్యానెల్, కొత్త బ్యాటరీ, కొత్త కాల్ సైన్. స్పీకరే లేని సెట్టు ఏరికోరి కొన్నారు. మోసుకెళ్లి బిగించింది బాబాయే — మిట్టమధ్యాహ్నం, వెంట జనంతో. పాత పెట్టెని ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. ఆపేయడానికి అందులో మీట పనిచేయదు, తీసుకెళ్లడానికి ఎవరికీ చేయి రాలేదు. దుమ్ము తుడిచి కిటికీ గట్టు మీదే ఉంచేశారు.

రిపీటర్లకి ఒక మర్యాద ఉంది. ఒక మాటని ఒకరు ముందే చెప్పేస్తే, రెండోవాళ్లు నోరు మెదపరు. అక్క ఇప్పుడు రోజూ ఆ సంతకం చూస్తుంది. దాచడం మానేసింది.

"కొత్త సెట్టు నిక్షేపంలా ఉందమ్మా" అన్నాడు బాబాయి, చూసొచ్చి. కోతలు మానేశాక ఆయన గొంతు కాస్త తగ్గింది. "వింటోంది... బాగానే వింటోంది. కానీ పెట్టినప్పటి నుంచీ దానికి చెప్పే వంతే రాలేదు."

ఎందుకు రాలేదో అక్క స్క్రీను మీదే ఉంది: ఐసాయన పేరు, పక్కన నక్షత్రం.

ఒక సాయంత్రం పాల వ్యాను డ్రైవరు తలనొప్పి మాత్రలకి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"అక్కా... మళ్లీ మొదలెట్టింది. ఐసు ఫ్యాక్టరీలో. ఒకసారి గ్ర్ర్‌మంది, కాస్త ఆగి ఇంకోసారి... నా చెవులారా విన్నా. ఎవర్నైనా పిలిపించి ఏదో ఒకటి చేయించాలి."

"చేయించకూడదు" అంది అక్క, మాత్రల అట్ట కత్తిరిస్తూ. "గొణగనివ్వు."

"నీకేమక్కా, ఆ దారిన పోయేది నేను..."

"అది గొణుగుతున్నంతకాలం నీకేం భయం లేదు." మాత్రలు చేతిలో పెట్టి, అతని చేయి వదల్లేదు. "కానీ ఏ సాయంత్రమైనా గొణగలేదనుకో... బండి ఎక్కడా ఆపకు. సరాసరి నా దగ్గరికి రా."